కరణంగారు ఊళ్లో లేనప్పుడు – అడ్మిన్ సర్వరును చేత్తో మార్చటం

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు పోయే రోడ్డున, రాత్రి పూట కరెంటు పోయినప్పుడు రొయ్యల గుంటల దగ్గర కావలి మనిషి ఏం చేస్తాడో చూసినవారికి ఈ వ్యాసంలో చెప్పబోయే విషయం సగం తెలిసినట్టే. చూడనివారి కోసం చెబుతాను.

గుంటలో ఏరేటర్లు తిరుగుతుంటాయి. పగలైతే నీళ్లలోని నాచు ఎండకి కొంత ప్రాణవాయువును విడుస్తుంది. రాత్రి ఆ నాచే ప్రాణవాయువును పీల్చుకుంటుంది. అందుచేత తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువ. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి పోయిందంటే రొయ్య తల్లడిల్లుతుంది. ఆ వేళలో కరెంటు పోతే కావలి మనిషి లేచి, టార్చిలైటు పట్టుకుని షెడ్డుకి పోయి, జనరేటరు స్టార్టు చేసి, అది నిలకడగా తిరిగేదాకా ఆగి, చేంజోవరు హ్యాండిలును ఈ పక్క నుంచి ఆ పక్కకి వేస్తాడు. ఈ హ్యాండిలుకు మూడు స్థానాలుంటాయి. ఒక పక్క లైను, ఒక పక్క జనరేటరు, మధ్యలో ఏదీ కాదు. రెండూ ఒకేసారి కలిసే వీలు ఆ ఇనప ముక్కలోనే లేకుండా చేశారు. కారణం తెలిసిందే. జనరేటరు కరెంటు వెనక్కి లైనులోకి పోతే, ఎక్కడో స్తంభమెక్కి తీగ బాగు చేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది.

ఈ హ్యాండిలును మాత్రం మనసులో ఉంచుకోండి. ఇక కంప్యూటర్ల దగ్గరికి వద్దాం.

ఏ కౌంటరు దగ్గరైనా మనం వినే మాట ఒకటుంది: "సర్వర్ డౌన్ అండీ, రేపు రండి". ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ 1998 నవంబరులో 'కార్డ్' పథకాన్ని మొదలుపెట్టి 214 సబ్-రిజిస్ట్రారు ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టింది. ఆ రోజుల్లో సర్వరంటే ఆ ఆఫీసు మూలన ఉండే పెట్టె. అది ఆగితే ఆగిందని కంటికి కనిపించేది. ఈనాడు కౌంటరు వెనక ఎక్కడో దూరాన, ఒకటి కాదు, పదీ ఇరవై యంత్రాలు కలిసి పని చేస్తుంటాయి. డౌన్ అయింది వాటిలో ఏది? పని చేసేదా, పని చేయించేదా? ఈ రెంటికీ తేడా తెలియకపోవటం వల్లే సగం కంగారు పుడుతుంది. మాలాంటి ఆ పనిలో ఉన్నవాళ్లకు కూడా.

ఉదాహరణకి వెబ్‌లాజిక్ అనే సాఫ్ట్‌వేరును తీసుకుందాం. 1998లో బీఈఏ కంపెనీ దీన్ని కొన్నది, 2008లో బీఈఏని ఒరాకిల్ కొన్నది. బాంకుల్లో, ప్రభుత్వ ఆఫీసుల్లో దీనిని చాలాచోట్ల చూస్తాం. ఇందులో కొన్ని సర్వర్లను కలిపి ఒక 'డొమైన్' అంటారు. డొమైనుకు ఒకే ఒక్క అడ్మినిస్ట్రేషన్ సర్వరు ఉంటుంది. మిగతావన్నీ మేనేజ్డ్ సర్వర్లు, అంటే కూలీనాలీ చేసేవి. జనం అడిగే పనులన్నీ చేసేది ఇవే. అడ్మిన్ సర్వరు మాత్రం లెక్కల పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది. ఏ సర్వరు ఏ యంత్రం మీద ఉండాలి, ఏ ప్రోగ్రాము ఎక్కడ నడవాలి, ఎవరికి ఏ అధికారం ఉంది, అన్నీ ఆ పుస్తకంలోనే.

మన పెద్దవాళ్లకి ఇది వెంటనే అర్థమయ్యే మాటలో చెప్పాలంటే అడ్మిన్ సర్వరు మన ఊరి కరణంగారు. 1984 జనవరిలో గ్రామాధికారుల పదవులు రద్దయ్యేవరకూ ఊరి భూముల అడంగలు కరణంగారి చేతిలో ఉండేది. కరణంగారు పనిబడి నెల్లూరు పోయి నాలుగు రోజులు రాలేదనుకోండి. ఊళ్లో నాట్లు ఆగుతాయా? కోతలు ఆగుతాయా? ఏమీ ఆగవు. ఎవరి పొలం వారు దున్నుకుంటూనే ఉంటారు. కాని పేరు మార్పిడి జరగదు, కొత్త పట్టా ఎక్కదు, ఎవరి హద్దు ఎంతవరకో రాసి ఇచ్చే మనిషి ఉండడు.

సరిగ్గా అంతే. అడ్మిన్ సర్వరు పడిపోతే నడుస్తున్న మేనేజ్డ్ సర్వర్లు నడుస్తూనే ఉంటాయి. కౌంటరు ఆగదు. వాటిలో ఒకటి ఆగి మళ్లీ లేచినా, ఇదివరకు తన దగ్గర దాచుకున్న కాన్ఫిగరేషను నకలు చూసుకుని ఒంటరిగా లేవగలదు. దానికి 'ఇండిపెండెన్స్ మోడ్' అని గంభీరమైన పేరు పెట్టారు. ఆగిపోయేవి వేరు. కొత్త ప్రోగ్రాము ఎక్కించలేం, సెట్టింగు మార్చలేం, కన్సోలు తెరిచి ఎవరు నడుస్తున్నారు ఎవరు పడిపోయారు అని ఒక్కచోట చూడలేం. కనక అడ్మిన్ సర్వరు పోయినప్పుడు మొదట చెయ్యాల్సింది ఏమీ చెయ్యకుండా ఒక్క నిమిషం కూర్చోవటం. రొయ్యల గుంటకున్నంత తొందర దీనికి లేదు. ఈ సంగతి తెలియక అర్ధరాత్రి పరుగులు పెట్టి, బతికున్న మేనేజ్డ్ సర్వర్లను కూడా 'రీస్టార్టు' చేసి పాడు చేసినవాళ్లను చూశాను.

సరే, మరి పక్కన ఇంకో యంత్రం సిద్ధంగా ఉంటే, మొదటిది పడగానే అది తనంతట తానే లేవవచ్చు గదా? మేనేజ్డ్ సర్వర్లకు అలాంటి సౌకర్యం ఉంది. అడ్మిన్ సర్వరుకు మాత్రం వెబ్‌లాజిక్ అలా పెట్టలేదు. దాన్ని మనిషే మార్చాలి. చేత్తో. కొత్తగా చేరినవాళ్లు ఇది పాతకాలపు పద్ధతని నవ్వుతారు. నాకు మాత్రం ఇందులో తెలివే కనిపిస్తుంది. కారణం చేంజోవరు హ్యాండిలే.

రెండో యంత్రానికి మొదటి యంత్రం చచ్చిందని ఎలా తెలుస్తుంది? పిలిస్తే పలకలేదు, అంతే. పలకకపోవటానికి చచ్చిపోవటం ఒక కారణం, మధ్యలో తీగ తెగటం ఇంకో కారణం. రెండోది గనక నిజమైతే, మొదటి కరణంగారు తన అరుగు మీద కూర్చుని అడంగలు రాస్తూనే ఉంటారు, ఈలోగా రెండో కరణంగారు వచ్చి అదే అడంగలులో రాయటం మొదలుపెడతారు. ఒకే పొలం ఇద్దరి పేర పడుతుంది. ఈ పని చేసేవాళ్లు దీన్ని 'స్ప్లిట్ బ్రెయిన్' అంటారు. తల రెండుగా చీలటం అన్నమాట. కొంతసేపు అడ్మిన్ సర్వరు లేకపోతే నష్టం కొంతే. రెండు ఉంటే నష్టం ఎంతో లెక్క కట్టటానికే వారం పడుతుంది.

ఇక మార్పిడికి ముందే చేసుకోవలసిన ఏర్పాట్లు. ఇవి లేకుండా మార్పిడి అనేది జరగదు.

మొదటిది పుస్తకం ఎక్కడుంది అనేది. అడ్మిన్ సర్వరు తాలూకు డైరెక్టరీ అంతా మొదటి యంత్రం సొంత డిస్కులో ఉంటే, ఆ యంత్రంతోపాటు అదీ పోతుంది. రెండు యంత్రాలకూ అందే ఉమ్మడి డిస్కు మీద పెట్టాలి. రెండు చోట్లా ఆ డిస్కు ఒకే దారి పేరుతో కనపడాలి, సాఫ్ట్‌వేరు ఒకే వెర్షను ఉండాలి, దాన్ని నడిపే యూజరుకు రెండు చోట్లా ఒకే నంబరు ఉండాలి. ఈ నంబరు సంగతి చాలామంది మరిచిపోతారు. పేరు ఒకటే గదా అనుకుంటారు. డిస్కు చూసేది పేరు కాదు, నంబరు. ఉమ్మడి డిస్కు లేక నకళ్ల మీద బతికేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 'బూట్ ప్రాపర్టీస్' ఫైలులో పాస్‌వర్డు గుప్తలిపిలో ఉంటుంది. దాన్ని విప్పే తాళంచెవి 'సీరియలైజ్డ్ సిస్టమ్ ఇని' అనే వేరే ఫైలులో ఉంటుంది. ఒకటి తెచ్చుకుని ఒకటి మరిస్తే, పెట్టె వచ్చింది తాళంచెవి ఊళ్లోనే ఉండిపోయింది అన్నట్టు అవుతుంది.

రెండోది అడ్రసు. జనం కరణంగారి కోసం పోయేది ఆయన అరుగు దగ్గరికి. ఆ అరుగు మీద ఎవరు కూర్చుంటే వారే కరణం. అలాగే అడ్మిన్ సర్వరు ఏ యంత్రం సొంత ఐపీ అడ్రసు మీదా వినకూడదు. దానికంటూ ఒక తేలియాడే అడ్రసు, దానికొక పేరు ఉండాలి. 'వర్చువల్ ఐపీ' అనేది అదే. ఈవేళ మొదటి యంత్రం మీద, రేపు రెండో యంత్రం మీద. మేనేజ్డ్ సర్వర్లు దాదాపు పది సెకన్లకొకసారి ఆ అరుగు వైపు చూసి "వచ్చారా?" అని అడుగుతూ ఉంటాయి. అదే అడ్రసు మీద అడ్మిన్ తిరిగి లేచిందంటే అవే వచ్చి కలుస్తాయి. మనం వాటిని ముట్టుకోనక్కరలేదు.

ఇప్పుడు అసలు పని. ముందుగా మొదటి యంత్రం మీద అడ్మిన్ సర్వరును ఆపాలి, తర్వాత దాన్ని కాచుకుని ఉండే నోడ్ మేనేజరును ఆపాలి. ఈ నోడ్ మేనేజరు ఉద్యోగమే పడిపోయిన సర్వరును లేపటం. దాన్ని ఆపకుండా వదిలేస్తే, మనం ఇటు తిరగ్గానే అది అటు పాతదాన్ని మళ్లీ లేపినా లేపుతుంది. యంత్రమే పలకని స్థితిలో ఉంటే దాని కరెంటు తీసెయ్యాలి. బ్రతిమాలటం లేదు, అనుమానం లేదు, కరెంటు తీసెయ్యటమే. ఆ తర్వాత తేలియాడే అడ్రసును మొదటి యంత్రం నుంచి దించాలి. అది దిగిందని చూసుకున్నాకే రెండో యంత్రం మీదికి ఎక్కించాలి. హ్యాండిలు మధ్య స్థానంలో ఒక్క క్షణం ఆగటం ఇదే.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. అడ్రసు ఎక్కించాం, అయినా పక్క యంత్రాలు పాత యంత్రం వైపే చూస్తుంటాయి. పోస్టుమాన్‌కి ఇల్లు అలవాటైపోయినట్టు, నెట్‌వర్కులోని ప్రతి యంత్రమూ ఏ ఐపీ అడ్రసు ఏ నెట్‌వర్కు కార్డుదో కొంతసేపు గుర్తు పెట్టుకుంటుంది. ఆ జ్ఞాపకం చెరిగేదాకా ఉత్తరాలు పాత ఇంటికే పోతాయి. అందుకని 'ఆర్పింగ్' అనే ఆజ్ఞతో రెండు మూడుసార్లు దండోరా వెయ్యాలి: "ఇకనుంచి ఈ అడ్రసు నాదహో" అని. ఈ దండోరా వెయ్యక, కన్సోలు తెరుచుకోవటంలేదని సర్వరును పదిసార్లు ఆపి లేపినవాళ్లున్నారు. సర్వరుది తప్పేం లేదు పాపం.

దండోరా అయ్యాక రెండో యంత్రం మీద నోడ్ మేనేజరును, దాని ద్వారా అడ్మిన్ సర్వరును లేపాలి. లాగులో 'రన్నింగ్' అని వచ్చిందని సంబరపడి ఇంటికి పోరాదు. కన్సోలులోకి పోయి, మేనేజ్డ్ సర్వర్లన్నీ కనపడుతున్నాయా చూడాలి. ఏదో ఒక నిరపాయమైన సెట్టింగును మార్చి, యాక్టివేట్ చేసి, మళ్లీ వెనక్కి మార్చాలి. కరణంగారు వచ్చి కూర్చున్నారు సరే, కలంలో సిరా ఉందా? అది చూడాలి. బయటినుంచి వచ్చే దారిలో లోడ్ బాలెన్సరు ఉంటే దాని మీదుగా కూడా ఒకసారి తెరిచి చూడాలి. లోపలి నుంచి తెరుచుకున్నంత మాత్రాన బయటి నుంచి తెరుచుకుంటుందని ఏం లేదు.

ఇంతవరకు పుస్తకంలో ఉండేదే. పుస్తకంలో ఉన్నా బుర్రకెక్కనిది తాళం సంగతి. నాకెలా ఎక్కిందో చెబుతాను. ఆ ఆఫీసు పేరు అవసరంలేదు.

వానలు కురుస్తున్న రాత్రి. నేను ఇంట్లో ఉన్నాను. అడ్మిన్ సర్వరు పలకటంలేదని మెసేజి వచ్చింది. పింగ్ చేశాను, యంత్రమే పలకలేదు. పోయిందనుకున్నాను. మొదటి యంత్రం నుంచి అడ్రసు దించటానికి అది దొరికితే గదా. రెండోదాని మీదికి ఎక్కించి, సర్వరును లేపాను. లేవలేదు. 'అడ్మిన్ సర్వరు లాక్ ఫైలు మీద తాళం దొరకలేదు' అని చెప్పి ఆగిపోయింది.

అడ్మిన్ సర్వరు లేచేటప్పుడు తన డైరెక్టరీలో ఒక లాక్ ఫైలుకు తాళం వేసుకుంటుంది. ఇంకొకరు అదే డైరెక్టరీ నుంచి లేవకుండా. నెట్‌వర్కు మీద పంచుకునే డిస్కు ఎన్ఎఫ్ఎస్ మూడో వెర్షనుదైతే, తాళం వేసిన యంత్రం హఠాత్తుగా చచ్చినప్పుడు ఆ తాళం ఊడదు. చచ్చిన యంత్రం మళ్లీ లేచి "నా తాళాలు వదిలేస్తున్నాను" అని చెప్పేదాకా అలాగే పడి ఉంటుంది. నాలుగో వెర్షనులో తాళానికి గడువు ఉంటుంది కాబట్టి కొంతసేపటికి అదే ఊడుతుంది. మాది మూడో వెర్షను. కాబట్టి ఇది దిక్కులేని తాళమని తేల్చేశాను. దానికి మందు కూడా తెలుసు: లాక్ ఫైలును కాపీ తీసి, పాతదాన్ని తీసేసి, కాపీకి పాత పేరు పెడితే చాలు. కొత్త ఫైలు మీద తాళం ఉండదు. ఆజ్ఞ టైపు చేసి ఎంటరు కొట్టబోతూ, ఎందుకో ఆఫీసు వాచ్‌మన్‌కు ఫోను చేశాను. ఎడమ పక్క పై నుంచి రెండో పెట్టె లైట్లు వెలుగుతున్నాయా చూడన్నా అని.

"మినుకు మినుకు మంటానే ఉండాయి సార్. ఆ కిందుండే చిన్న పెట్టెకే లైట్లు లేవు" అన్నాడు.

ఆ చిన్న పెట్టె నెట్‌వర్కు స్విచ్చి. పోయింది అది. డిస్కుకు పోయే దారి వేరే స్విచ్చి మీదుగా ఉంది, అది బాగానే ఉంది. మొదటి కరణంగారు నిక్షేపంగా కూర్చుని, పుస్తకాన్ని పట్టుకుని, తాళం వేసుకుని ఉన్నారు. తాళం దిక్కులేనిది కాదు. నేను దాన్ని తీసి ఉంటే ఒకే పుస్తకంలో రెండు కలాలు పడేవి. వాచ్‌మన్ అన్న చేత మొదటి పెట్టె కరెంటు తీయించాను. అప్పుడు మాత్రమే తాళం నిజంగా దిక్కులేనిదయింది. తర్వాత కాపీ మందు వేశాను, సర్వరు లేచింది. ఆజ్ఞలు అవే. వరస మారింది, అంతే.

అందుకే కరెంటు తీసెయ్యటమనే మెట్టును నేను పైన అంత గట్టిగా చెప్పాను. పోయిందో లేదో తెలియని యంత్రాన్ని, ముందు ఖాయంగా పోయినదిగా చెయ్యాలి.

ఇంతకీ మార్చమని చెప్పేది ఎవరు? ఆజ్ఞలు కొట్టేవాడి కంటే ఈ మనిషే ముఖ్యం. 2021 ఫిబ్రవరి 24న బొంబాయిలోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉదయం 11.40కి వ్యాపారం ఆగింది. టెలికాం లింకులు తెగటంతో మొదలైన గొడవ అది. వారు తర్వాత చెప్పినదాన్నిబట్టి లావాదేవీల యంత్రాలు బాగానే ఉన్నాయి, క్లియరింగు సంస్థ నడిపే రిస్కు లెక్కల వ్యవస్థ అందకుండా పోయింది. వేరేచోట రెండో కేంద్రం ఉన్నా అక్కడికి మారలేదు. మధ్యాహ్నం 3.45కి మళ్లీ తెరిచి 5 గంటల దాకా నడిపారు. నాలుగు గంటలు దేశమంతా ఎదురుచూసింది. ఆ తర్వాత మార్చి నెలలో సెబీ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ముఖ్యమైన వ్యవస్థ ఆగితే 30 నిమిషాల్లో దాన్ని 'విపత్తు' అని ప్రకటించాలి, ప్రకటించిన 45 నిమిషాల్లో రెండో కేంద్రానికి మారాలి. ఇందులో నన్ను ఆకర్షించింది ఆ మొదటి 30 నిమిషాలు. యంత్రాన్ని మార్చటానికే కాదు, మనిషి మనసును మార్చుకోవటానికి కూడా గడువు పెట్టారు. "ఇంకో పది నిమిషాల్లో బాగవుతుందేమో చూద్దాం" అనే మాటతోనే గంటలు గడుస్తాయి గదా.

చిన్న ఆఫీసుల్లో ఈ నిర్ణయం ఎవరిదో ఎక్కడా రాసి ఉండదు. ఆఫీసరుగారు టెక్నికల్ అబ్బాయి చెబితే చేద్దామనుకుంటారు. ఆ అబ్బాయి ఆఫీసరుగారు చెప్పకుండా ముట్టుకుంటే రేపు తన మెడకి చుట్టుకుంటుందనుకుంటాడు. ఇద్దరిదీ న్యాయమే. పేరు, ఫోను నంబరు, ఆయన దొరక్కపోతే ఇంకెవరు, ఎన్ని నిమిషాలు ఆగాలి – ఈ నాలుగూ ఒక కాయితం మీద రాసి గోడకి అతికించాలి. కాయితమే ఎందుకంటే, ఆ వివరాలు దాచిన కంప్యూటరు కూడా అదే రాత్రి పోవచ్చు.

ఇంకొక హద్దు కూడా చెప్పాలి. తేలియాడే అడ్రసు ఒకే నెట్‌వర్కులో ఉన్న రెండు యంత్రాల మధ్యనే తేలుతుంది, ఉమ్మడి డిస్కు కూడా మామూలుగా ఆ గదిలోనే ఉంటుంది. గది మునిగితే రెండూ మునుగుతాయి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానును మన జిల్లాలో పెద్దవాళ్లు మరిచిపోలేదు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ మన తీరం పొడుగునా వానలు ముంచెత్తుతూనే పైకి పోయింది. అటువంటి రోజుకు రెండో యంత్రం ఇంకో ఊళ్లో ఉండాలి. కేంద్ర ప్రభుత్వపు ఎన్ఐసీ తన జాతీయ డేటా సెంటర్లను ఢిల్లీ, పూణె, హైదరాబాదు, భువనేశ్వర్ వంటి వేర్వేరు ఊళ్లలో పెట్టుకుంది. అంత దూరానికి అరుగు మోసుకుపోలేం. పేరు అదే ఉంచి, ఆ పేరు చూపే అడ్రసును డీఎన్ఎస్‌లో మార్చాలి. పుస్తకాన్ని ఎప్పటికప్పుడు నకలు తీసి అక్కడికి పంపుతుండాలి. ఆఖరి నకలుకూ ప్రమాదానికీ మధ్య రాసిన పేజీలు పోతాయి. ఎన్ని పేజీలు పోతే ఓర్చుకోగలమో ముందే లెక్క వేసుకోవాలి.

మిగిలింది తిరుగు ప్రయాణం. మొదటి యంత్రం బాగై వచ్చాక అడ్మిన్ సర్వరును వెనక్కి తేవటం కూడా పైన చెప్పిన మెట్లే, దిక్కు మార్చి. చాలామంది ఇది చెయ్యరు, నడుస్తోంది గదా అని వదిలేస్తారు. దాంతో రెండో యంత్రమే మొదటిదై కూర్చుంటుంది. గోడమీది కాయితంలో మాత్రం పాత పేరే ఉంటుంది. మేం మూడు నెలలకొకసారి, పని తక్కువున్న ఆదివారం ఉదయం, బాగున్న సర్వరునే ఆపి అటు మార్చి ఇటు తెస్తాం. మొదటిసారి అటూ ఇటూ కలిపి రెండున్నర గంటలు పట్టింది. అందులో గంటన్నర, రెండో యంత్రం మీద యూజరు నంబరు వేరుగా ఉందని కనుక్కోవటానికే పోయింది. పోయినసారి 22 నిమిషాలు. వాచ్‌మన్ అన్న కూడా వచ్చి నిలబడ్డాడు, ఏ పెట్టె లైట్లు ఎప్పుడు ఆరాలో ఆయనకిప్పుడు కంఠతా వచ్చు.